దీవుల్లో బల్లులు, పిట్టలు పరాగసంపర్కం చేస్తాయా? మరి మన తొండల సంగతి?

అడిగినవారు మందస దగ్గర పల్లెటూరి నుంచి, డిగ్రీ రెండో సంవత్సరం బోటనీ విద్యార్థి. ప్రశ్న క్లుప్తంగా ఇది: "దీవుల్లో పక్షులు, బల్లులు అక్కడి స్థానిక మొక్కలకు పరాగసంపర్కం చేస్తాయని క్లాసులో విన్నాను. నిజమేనా? అలా దీవుల్లోనే ఎందుకు జరుగుతుంది? మా జీడితోటలో పూతకొమ్మల మీద తొండలు రోజూ కనిపిస్తాయి. వాటివల్ల కూడా పిందె కడుతోందని ప్రాజెక్టులో రాయొచ్చా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు విన్నది నిజమే. పక్షులు ఈ పని దీవుల్లోనూ చేస్తాయి, మన శ్రీకాకుళంలోనూ చేస్తాయి. బల్లి జాతులు చేయడం మాత్రం ఇప్పటిదాకా ఎక్కువగా దీవుల్లోనే బయటపడింది. మీ తోట తొండల గురించి మాత్రం అలా రాయకండి. జీడిపూత దగ్గరికి ఈగలు, చీమలు, తేనెటీగలు వస్తాయి. తొండ వచ్చేది వాటిని తినడానికి.

నేను ఈ జిల్లాలోనే డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరయ్యాను. పాఠం చెప్పడం ఒక ఎత్తయితే, పువ్వు దగ్గరికి ఎవరొస్తున్నారు, వచ్చి ఏం చేస్తున్నారు అని గంటల తరబడి కూర్చుని చూడటం నాకు ఇంకో ఎత్తు. ఆ అలవాటులో ఒంటబట్టిన విషయం ఒకటుంది. మీ ప్రాజెక్టు మొత్తం దాని మీదే నిలబడాలి. పువ్వు మీద వాలడం వేరు, పుప్పొడి మోయడం వేరు.

మందార చెట్టు దగ్గర ఒక పొద్దున నిలబడి చూడండి. తేనెపిట్ట వస్తుంది. పువ్వు ముందువైపు నుంచి లోపలికి ముక్కు పెడుతుందని మనం అనుకుంటాం. చాలాసార్లు అలా చేయదు. కొమ్మ మీద పక్కగా వాలి, పువ్వు అడుగున, తొడిమ దగ్గర, రేకుల మొదట్లో ముక్కుతో చిన్న కన్నం పొడుస్తుంది. అక్కడి నుంచే తేనె లాగేసుకుని ఎగిరిపోతుంది. పొడుగ్గా బయటికి వచ్చిన కేసరాల గొట్టాన్ని గానీ, దాని చివరనున్న ఎర్రటి కీలాగ్రాల్ని గానీ తాకనే తాకదు. వాడిపోయిన మందారాన్ని కోసి అడుగున చూస్తే ఆ కన్నం చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది. పిట్ట వచ్చింది, తేనె తాగింది, పువ్వుకు ఒరిగిందేమీ లేదు. బోటనీలో దీన్ని తేనె దొంగతనం అనే అంటారు.

అదే తేనెపిట్ట మాఘ ఫాల్గుణాల్లో మోదుగ మీదికి వెళితే కథ మారిపోతుంది. మోదుగ పువ్వులో కేసరాలూ కీలమూ కలిసి, చిలక ముక్కులా వంగిన ద్రోణిపత్రాల లోపల దాక్కుని ఉంటాయి. పిట్ట కాడ మీద వాలి తేనె కోసం ముక్కు దూర్చినప్పుడు ఆ ద్రోణి కిందికి నొక్కుకుపోతుంది. లోపలున్నవి బయటికి వచ్చి పిట్ట ఒంటికి తగులుతాయి. ఆ పుప్పొడితో అది ఇంకో చెట్టుకు వెళ్తుంది. మోదుగకు సొంత చెట్టు పుప్పొడికన్నా వేరే చెట్టు పుప్పొడితోనే కాయ బాగా కడుతుంది కాబట్టి ఈ ప్రయాణం చాలా ముఖ్యం. ఉత్తర భారతంలో మోదుగ మీద చేసిన పరిశీలనలో ఊదారంగు తేనెపిట్టే ముఖ్యమైన పరాగవాహకం అని తేలింది. ఉడతలు కూడా కొంత సాయం చేస్తాయి.

ఒకటే పిట్ట. ఒక పువ్వుకు దొంగ, ఇంకో పువ్వుకు పెళ్ళిపెద్ద. అందుకే "ఫలానా జంతువు పరాగసంపర్కం చేస్తుందా" అని అడక్కుండా, "ఫలానా పువ్వుకు ఫలానా జంతువు చేస్తుందా" అని అడగాలి.

ఇక దీవుల సంగతి. అక్కడే ఎందుకు?

పెద్ద భూభాగానికి దూరంగా, సముద్రం మధ్యలో ఒక దీవి ఉందనుకోండి. అక్కడికి అన్ని జీవులూ చేరలేవు. ముఖ్యంగా మన దగ్గర పువ్వుల పని చేసే తేనెటీగలు, తుమ్మెదలు, పెద్ద చిమ్మటల్లో చాలా జాతులు అంత సముద్రం దాటలేవు. దక్షిణ అమెరికాకు పడమరన ఉన్న గాలాపగోస్ దీవుల్లో తేనెటీగల కుటుంబానికి చెందిన స్థానిక జీవి ఒకే ఒక్క తుమ్మెద జాతి. దానికి డార్విన్ పేరే పెట్టారు. మన ఇంటి వెనక మునగచెట్టు మీద ఒక్క పూటలో కనిపించే తేనెటీగ జాతులు దానికన్నా ఎక్కువ.

బల్లులు మాత్రం చేరగలవు. కొట్టుకుపోయే దుంగల్ని పట్టుకుని, తిండి లేకుండా చాలా రోజులు ఉండగలవు. చేరాక వాటిని తినేవాళ్ళు తక్కువ. పిల్లి లేదు, ముంగిస లేదు, పాములు తక్కువ. దాంతో సంఖ్య బాగా పెరుగుతుంది. సంఖ్య పెరిగింది, పురుగులేమో తక్కువ. ఆకలి వేస్తే ఏం చేస్తాయి? ఎదురుగా పువ్వులో తేనె ఉంది, పండులో గుజ్జు ఉంది. నాలుక చాపుతాయి. తరాల తరబడి ఇది సాగితే కొన్ని మొక్కలు ఆ అతిథికి తగ్గట్టు మారతాయి. 2003లో ఓలెసెన్, వాలిడో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశీలనలన్నీ ఒకచోట చేర్చి, బల్లులు పరాగసంపర్కం చేయడం, గింజలు చల్లడం ప్రధానంగా దీవుల్లో కనిపించే విషయమని రాశారు. మీ క్లాసులో చెప్పిన మాటకు మూలం బహుశా అదే.

పక్షుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. గాలాపగోస్‌లో గింజలు తినే పిచ్చుకలు, పురుగులు తినే పిట్టలు కూడా పువ్వుల మీదికి వెళ్తాయి. 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో అక్కడి నేలపక్షుల్లో దాదాపు అన్నీ పువ్వుల దగ్గరికి వెళ్తున్నాయని, వందకు పైగా మొక్కజాతుల పూలను వాడుకుంటున్నాయని తేలింది. పెద్ద నేల మీద ఉంటే వాటి బంధువులు ఇలా చేసేవి కావు. పోటీ తక్కువ కాబట్టి తిండి పరిధి విప్పారిందన్నమాట.

మారిషస్ ఉదాహరణ తప్పకుండా చదవండి. ఈ విషయం మీద అంత వివరంగా పని జరిగిన చోట్లు తక్కువ. మన ఉత్తరాంధ్ర నుంచి పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్ళినవాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు, కాబట్టి మనకు మరీ పరాయి దీవి కాదు.

అక్కడ కొండల్లో రూసియా సింప్లెక్స్ అని ఒక పాకే మొక్క ఉంది. ఆ ప్రజాతిలో ప్రపంచం మొత్తానికి అదొక్కటే జాతి, మారిషస్‌లో తప్ప ఎక్కడా పెరగదు. పువ్వు దళసరిగా, గంటలా ఉంటుంది, అడుగున తేనె నిండుగా ఉంటుంది. నీలితోక పగటి బల్లి వచ్చి తల మొత్తం లోపలికి దూర్చి తేనె నాకుతుంది. తల పైకి తీసేసరికి నెత్తి మీద పుప్పొడి అంటుకుని ఉంటుంది. తర్వాత కాయ పండినప్పుడు జిగురులాంటి గుజ్జు బయటికి కారుతుంది, అందులో నలకల్లాంటి గింజలు. ఆ గుజ్జును నాకేదీ అదే బల్లి, గింజల్ని మోసుకుపోయి వేరేచోట వదిలేదీ అదే. అంటే పెళ్ళీ, అప్పగింతలూ రెండూ ఒకే బల్లి చేతుల్లో ఉన్నాయి.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే మన బదనిక గుర్తొచ్చింది. విజయనగరం మామిడితోటల్లో కొమ్మల మీద బదనిక పట్టిన చెట్లు లెక్కలేనన్ని. దాని గొట్టం పువ్వుల దగ్గరికి తేనెపిట్టలతో పాటు, బొటనవేలంత ఉండే బూడిదరంగు పిట్ట వస్తుంది, ఇంగ్లీషులో టికెల్స్ ఫ్లవర్‌పెకర్ అంటారు. పువ్వు తేనె తాగేదీ ఆ పిట్టే, పండు మింగేదీ ఆ పిట్టే. గింజ బంకగా ఉంటుంది, రెట్టతో ఒక పట్టాన కిందపడదు. పిట్ట ఒళ్ళు కొమ్మకేసి రుద్ది దాన్ని వదిలించుకుంటుంది, గింజ బెరడుకు అతుక్కుపోయి మొలుస్తుంది. మారిషస్‌లో బల్లి చేసే రెండు పనులూ ఇక్కడ పిట్ట చేస్తోంది. మామిడి రైతుకు బదనిక అంటే ఒళ్ళుమంట, అది న్యాయమే. కానీ పక్షికీ మొక్కకూ మధ్య ఒప్పందం ఎలా ఉంటుందో చూడాలంటే మన జిల్లాల్లో దీనికన్నా మంచి పాఠం లేదు.

మళ్ళీ మారిషస్‌కు. ట్రొకీషియా అనే పొదల ప్రజాతి ఒకటి ఉంది. అందులో ఒక రకం ఆ దేశపు జాతీయ పుష్పం. ఆ ప్రజాతిలో కొన్ని పువ్వుల్లో తేనె రంగుతో ఉంటుంది, నీళ్ళలా తెల్లగా ఉండదు. నెసోకోడాన్ అనే ఇంకో మొక్క తేనె అయితే రక్తంలా ఎర్రగా ఉంటుంది. ఈ రంగు ఎందుకు? రంగు తేనె, రంగులేని తేనె రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అక్కడి పగటి బల్లులు రంగు తేనె వైపే మొగ్గాయి. "ఇక్కడ సరుకుంది" అని పువ్వు దూరం నుంచే చెప్పుకోవడానికి ఆ రంగు పనికొస్తుందని దాని అర్థం.

ఇందులోనే ఇంకో పరిశీలన ఉంది, అది మీకు బాగా తలకెక్కుతుంది. సోంపేట, కవిటి తీరంలో మొగలి పొదలు చూసే ఉంటారు కదా. మారిషస్‌లో కూడా మొగలి జాతి పొదలు ఉన్నాయి. ముళ్ళ ఆకుల మధ్య పగటి బల్లులు దాక్కోవడానికి అవి మంచి చోటు. మొగలి పొదకు దగ్గర్లో ఉన్న ట్రొకీషియా మొక్కలకు బల్లుల రాకపోకలు ఎక్కువ, కాయలూ ఎక్కువ. దూరంగా ఉన్నవాటికి తక్కువ. బల్లికి పువ్వు ఒక్కటే చాలదు, పక్కనే ప్రాణం దాచుకునే చోటు కూడా కావాలి. ఎవరైనా అడవిని బాగుచేద్దామని ట్రొకీషియా మొక్కలు మాత్రం నాటి, మొగలి పొదల్ని "ముళ్ళకంప" అని కొట్టేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఒక్కరి మీదే ఆధారపడితే వచ్చే ప్రమాదం. రూసియా పువ్వుల్లోకి ఇప్పుడు బయటినుంచి వచ్చిన ఒక రకం తెల్లకాళ్ళ చీమ చేరింది. అది పిండినల్లిని పెంచుకుంటూ పువ్వుల్లో మట్టితో గూడులాంటిది కడుతుంది, తేనె కోసం వచ్చే బల్లిని కుట్టి తరిమేస్తుంది. బల్లి రాకపోతే కాయ పడదు, పడినా గింజ చల్లేవాళ్ళు లేరు. వేరే చోట అయితే ఇంకో తేనెటీగో, ఇంకో పిట్టో ఆ లోటు తీర్చేది. దీవిలో ఆ రెండో మనిషి ఉండడు. మారిషస్‌లో మంచి స్థితిలో మిగిలిన స్థానిక అడవి రెండు శాతం కన్నా తక్కువ అన్న సంగతి దీనికి కలుపుకుని చూడండి.

న్యూజిలాండ్‌లో ఈ నష్టాన్ని కొలిచి చూశారు. అక్కడ ఉత్తర దీవి పైభాగంలో రాబ్డోథామ్నస్ అనే పొదకు నారింజ రంగు గొట్టం పువ్వులు పూస్తాయి. వాటి పని చేసే బెల్‌బర్డ్, స్టిచ్‌బర్డ్ అనే పక్షులు పెద్ద నేల మీద పందొమ్మిదో శతాబ్దంలోనే మాయమయ్యాయి, తీరానికి అవతల చిన్న రక్షిత దీవుల్లో మాత్రం మిగిలాయి. 2011లో వచ్చిన పరిశోధన ప్రకారం పక్షులు పోయినచోట పువ్వుకు పడే గింజలు 84 శాతం తగ్గాయి. చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి, పూస్తూనే ఉన్నాయి. చూసేవాళ్ళకు అడవి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కింద పిల్లమొక్కలు మాత్రం పలచబడ్డాయి.

దీనికి ఎదురు ఉదాహరణ హవాయిలో ఉంది. ఫ్రేసినేషియా అనే ఎగబాకే మొక్క, మన మొగలికి చుట్టమే. దాని పని చేసిన స్థానిక పక్షుల్లో కొన్ని అంతరించాయి, కొన్ని అరుదైపోయాయి. ఆ పక్షులే ఆ పని చేసేవని ఎలా తెలిసింది? పాల్ కాక్స్ అనే శాస్త్రవేత్త మ్యూజియంలో దాచిన పాత పక్షుల తలఈకల్లో ఆ మొక్క పుప్పొడి దొరికిందని 1983లో ప్రకటించారు. ఇప్పుడు ఆ పని చేస్తున్నది జపాన్ నుంచి తెచ్చి వదిలిన తెల్లకంటి పిట్ట. అంటే బయటి జీవి ఒక్కోసారి లోటు తీరుస్తుంది కూడా. అలాగని అన్ని పువ్వులకూ తీర్చలేదు. హవాయిలో పొడుగ్గా వంగిన పువ్వులకు పొడుగ్గా వంగిన ముక్కే కావాలి. తెల్లకంటి పిట్ట ముక్కు పొట్టిది.

మారిషస్‌కు దగ్గర్లోనే ఉన్న రీయూనియన్ దీవి ఆర్కిడ్ల గురించి కూడా నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. మడగాస్కర్‌లో ఆంగ్రేకమ్ ఆర్కిడ్లు తెల్లగా పూసి రాత్రిపూట చిమ్మటల కోసం ఎదురుచూస్తాయి. వాటిలో ఒకదాని పొడవాటి తేనెగొట్టం చూసి 1862లో డార్విన్ "ఇంత పొడవు నాలుక ఉన్న చిమ్మట ఉండి తీరాలి" అన్న సంగతి మీరు వినే ఉంటారు. ఆ కుటుంబం మొక్కలే రీయూనియన్ చేరాక, చిమ్మటల బదులు పిట్టల్ని నమ్ముకున్నాయి. రెండు జాతుల పని అక్కడి బూడిదరంగు తెల్లకంటి పిట్ట చేస్తుంది. ఇంకో జాతి పని ఒక కీచురాయి లాంటి పురుగు చేస్తుందని రాత్రి కెమెరాలతో పట్టుకుని 2010లో ప్రకటించారు. కొత్తచోట దొరికిన పనివాళ్ళతో సరిపెట్టుకోవడం మొక్కలకూ తెలుసు.

"దీవుల్లోనే" అన్న మాట మరీ బిగించి రాయకండి. దక్షిణాఫ్రికాలో డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాల మీద గథ్రియా అనే మొక్క ఆకుల కింద, నేలకు ఆనించి ఆకుపచ్చ పూలు పూస్తుంది. పైనుంచి చూస్తే పువ్వుందనే తెలియదు. ఎవరొస్తారా అని కెమెరాలు పెడితే రాళ్ళ మధ్య ఉండే ఒక బల్లి వచ్చింది. బల్లిని రానివ్వకుండా చేస్తే కాయలు బాగా పడిపోయాయి. అది దీవి కాదు. కానీ ఎత్తైన కొండ కొమ్ము, చలి, గాలి, పురుగులు తక్కువ. అంటే చుట్టూ నీళ్ళుండటం అసలు కారణం కాదు. పురుగులు తక్కువై, బల్లులు ఎక్కువై, వాటిని తినేవాళ్ళు తక్కువైన చోట ఈ బంధం పుడుతుంది. దీవుల్లో ఆ మూడూ తరచుగా కలిసి వస్తాయి. మీ రిపోర్టులో "ఎందుకు" అన్న భాగానికి ఇదే వెన్నెముక కావాలి.

బ్రెజిల్‌కు చెందిన ఫెర్నాండో డి నొరోన్యా దీవి ఉదాహరణ కూడా వాడుకోవచ్చు. అక్కడి నలికిరి జాతి ఒకటి, మన బాడిద చెట్టుకు దగ్గరి చుట్టమైన చెట్టెక్కి, ఎర్రపువ్వుల్లో తేనె నాకుతుంది. పొలుసుల మీద పుప్పొడి అంటించుకుని పువ్వు నుంచి పువ్వుకు తిరుగుతుంది. మన దగ్గర బాడిద చెట్టు ఉంది, నలికిరీ ఉంది. కానీ మన నలికిరి ఆకుల కింద, గోడ పక్కన పురుగులు వెతుక్కుంటుంది, చెట్టెక్కి పువ్వుల జోలికి పోవడం నేనెప్పుడూ చూడలేదు. దానికి ఆ అవసరం లేదు. పైగా చెట్టు మీద బాహాటంగా తిరిగితే డేగకో కాకికో చిక్కుతుంది.

తొండ విషయం. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, ఎందుకంటే మీరు కళ్ళతో చూసి అడిగారు. జీడిపూత గుత్తిని దగ్గరగా చూడండి. అందులో మగపూలు ఎక్కువ, కాయ కట్టగల ద్విలింగ పూలు తక్కువ. పువ్వు ఎంత చిన్నదంటే, దాని కేసరానికీ కీలాగ్రానికీ తగిలి పుప్పొడి మార్చాలంటే చిన్న ఒళ్ళు కావాలి. ఈగకో చిన్న తేనెటీగకో సరిపోయే కొలత అది. తొండ మూతి దానికి తగదు. తొండ గుత్తి పక్కన కొమ్మ మీద కదలకుండా ఉంటుంది. ఈగ వాలగానే తల ఒక్క ఉదుటున ముందుకు వస్తుంది, నోరు మూతపడుతుంది, మళ్ళీ అదే చోట నిశ్చలం. పువ్వును నాకడం ఉండదు. అప్పుడప్పుడు రేకులు కూడా నోట్లోకి పోతాయి, అది వేరే సంగతి.

ఇంకో గట్టి ఆధారం చెప్తాను. మన తొండ జాతే మారిషస్‌కూ చేరింది, మనుషుల వెంట వెళ్ళి అక్కడ స్థిరపడిపోయింది. అదే దీవి, అవే పువ్వులు. అయినా అక్కడ పువ్వుల పని చేస్తున్నది పగటి బల్లులే. దీవిలో ఉన్నంత మాత్రాన ప్రతి బల్లీ పరాగవాహకం అయిపోదు. నాకే నాలుక, తీపి మీద మోజు, పువ్వులో పట్టే తల, ఇవన్నీ కలిసి రావాలి. ఇంట్లో బల్లికి తీపి మోజు ఉందని మనకు తెలుసు, బెల్లం డబ్బా మూత తీసి ఉంచితే చాలు. అయినా అది రాత్రిపూట దీపాల దగ్గర పురుగులతో కడుపు నింపుకుంటుంది.

మన దేశంలో పగటి బల్లి లేదా అంటే, ఉంది. అండమాన్‌లో. మారిషస్ బల్లుల ప్రజాతికే చెందిన పచ్చటి బల్లి అది, అండమాన్ తప్ప ఇంకెక్కడా లేదు. మన జిల్లావాళ్ళు అక్కడ ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. మా తమ్ముడి కుటుంబం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటుంది. వాళ్ళ పెరట్లో అరటిగెల వేసినప్పుడు ఈ బల్లిని చాలాసేపు చూశాను. చిలకపచ్చ ఒళ్ళు, వీపు మీద ఎర్రటి చుక్కలు. అరటిపువ్వు డొప్ప పైకి లేచినచోట తలకిందులుగా వేలాడుతూ, కింద వరుస పువ్వుల కొసల్లో తేనెను నాలుకతో ఒక్కొక్కటే నాకుతూ పోయింది. మూతి తడిసి మెరుస్తోంది. చూడముచ్చటగా ఉంది. కానీ మనం తినే అరటికి పరాగసంపర్కంతో పనే లేదు, గింజ లేకుండానే కాయ ఊరుతుంది. కాబట్టి నేను చూసింది తేనె తాగడం మాత్రమే. అక్కడి అడవి మొక్కల్లో ఆ బల్లి ఎవరికి సాయపడుతోందో విడిగా చూడాలి. మీకు అక్కడ చుట్టాలుంటే మంచి వీడియోలు తెప్పించుకోవచ్చు.

ఇప్పుడు మీ ప్రాజెక్టు. బల్లుల్ని రిపోర్టు మొదటి భాగంలో నేపథ్యంగా పెట్టుకోండి. చేతితో చేసే పని పక్షుల మీద చేయండి. మన ప్రాంతంలో దీనికి మంచి పునాది ఉంది. సలీం అలీ 1932లోనే భారతదేశంలో పువ్వులకు వచ్చే పక్షుల మీద పెద్ద వ్యాసం రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, తర్వాత ఎ.జె. సాలమన్ రాజు తూర్పు కనుమల మొక్కల పరాగసంపర్కం మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. వాళ్ళ వ్యాసాలు వెతికి చదవండి, పద్ధతులు ఎలా రాయాలో తెలుస్తుంది.

చెట్టుగా మోదుగను తీసుకోండి. మహేంద్రగిరి వైపు వెళ్ళే దారుల్లో చేతికందే ఎత్తు మోదుగలు దొరుకుతాయి. బూరుగ కూడా పక్షుల చెట్టే. కాకులు, గోరింకలు ముఖమంతా పుప్పొడి పూసుకుని లేవడం దానిమీద బాగా కనిపిస్తుంది. కానీ చెట్టు ఎత్తు, కొమ్మ అందదు, ఒక్కరే చేయలేరు.

పని ఇలా చేయండి. పూత విచ్చకముందే కొన్ని గుత్తుల్ని ఎంచుకుని రంగుదారాలు కట్టండి. కొన్నింటికి పలచటి వలగుడ్డ సంచి తొడగండి, వాటి దగ్గరికి ఎవరూ రాకూడదు. కొన్నింటికి పిట్ట దూరలేనంత చిన్న కన్నాల ఇనుప జాలీతో చిన్న పంజరంలా కట్టండి. తేనెటీగ దూరుతుంది, పిట్ట దూరదు. జాలీ గుత్తికి కాస్త ఎడంగా ఉండాలి, ఆనించి కడితే పిట్ట బయటినుంచే ముక్కు పెట్టేస్తుంది. కొన్నింటిని అలాగే వదిలేయండి. వీలైతే ఇంకొన్నింటికి వేరే చెట్టు పుప్పొడిని సన్నటి బ్రష్‌తో మీరే అంటించండి. తర్వాత నాలుగు రకాల్లోనూ ఎన్ని పువ్వులకు ఎన్ని కాయలు నిలిచాయో లెక్కపెట్టండి. జాలీ గుత్తుల్లో కాయ తగ్గి, వదిలేసినవాటిలో ఎక్కువుంటే అప్పుడు ధైర్యంగా రాయండి, ఇక్కడ పక్షుల పాత్ర ఉందని. రెండూ ఒకేలా ఉంటే అదీ ఫలితమే, అలాగే రాయండి. చేతితో అంటించినవాటిలోనే ఎక్కువ కాయలు పడితే ఆ చెట్లకు పుప్పొడి చాలినంత అందడం లేదని అర్థం.

మోదుగకు పూసినన్ని పువ్వులకు కాయలు నిలవవు, చాలా రాలిపోతాయి. అది చూసి టెన్షన్ పడొద్దు. గుత్తులు కాస్త ఎక్కువే ఎంచుకోండి.

పొద్దున్నే, ఎండ ముదరకముందు కూర్చోండి. ఫోన్‌ను స్టాండు మీద పెట్టి వీడియో తీయండి. ప్రతి రాకనూ మూడు గడుల్లో రాయండి: తేనె ఎక్కడి నుంచి తీసింది, కేసరాలకూ కీలాగ్రానికీ ఒళ్ళు తగిలిందా, తర్వాత అదే చెట్టులో ఇంకో కొమ్మకు వెళ్ళిందా లేక ఇంకో చెట్టుకా. ఈ మూడో గడి చాలామంది వదిలేస్తారు. కొన్ని పిట్టలు ఒకే చెట్టు పట్టుకుని మిగతావాటిని తరిమేస్తాయి. అలాంటి పిట్ట ఎన్నిసార్లు వాలినా వేరే చెట్టు పుప్పొడి తేలేదు.

పిట్టల్ని గానీ తొండల్ని గానీ పట్టుకుని పుప్పొడి చూద్దామనుకోకండి. అడవి జీవుల్ని పట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, అనుమతి ఉన్నా చేయి తిరిగినవాళ్ళే పట్టాలి. చేతిలో తేనెపిట్ట బెదిరి చచ్చిపోతుంది. వీడియో చాలు.

తిత్లీ తుపాను గురించి ఒక మాట, ఎందుకంటే మీ ఊరు ఆ దారిలోదే. 2018 అక్టోబరులో ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఎలా నేలకొరిగాయో మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. ఆ ఏడాది తోటల్లో తేనెపిట్టల సందడి నాకు బాగా తగ్గినట్టు అనిపించింది. తర్వాత మెల్లగా తిరిగొచ్చాయి. పడమరన కొండల అడవి ఉంది, చుట్టూ నేల ఉంది, అటు వెళ్ళి ఇటు రాగలవు. సముద్రం మధ్యలో చిన్న దీవి మీద అలాంటి గాలి కొడితే పిట్టకు, బల్లికి వెళ్ళడానికి వేరే అడవి ఉండదు, పువ్వుకు వేరే పనివాడు ఉండడు. దీవి మొక్కల గురించి శాస్త్రవేత్తలు అంత కంగారు ఎందుకు పడతారో మీ టీచరు అడిగితే ఈ తేడా చెప్పండి.

మోదుగ పూత దాటిపోయి ఉంటే ఆగాల్సిన పనిలేదు, బదనికతో మొదలుపెట్టండి. మీ దగ్గర మామిడితోటలో అది ఎప్పుడెప్పుడు పూస్తుందో తోట రైతునే అడగండి, బాగా తెలిసింది ఆయనకే. పని అయ్యేదాకా ఆ కొమ్మలు కొట్టొద్దని కూడా ముందే మాట తీసుకోండి. వీడియోలు తీశాక పిట్ట పేరు తేలకపోతే ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.